ఎన్ని రోజులు వేశారని కాదు, ఎన్ని గంటలకు వేశారని అడగండి

ఈ టపా చదివాక డాక్టర్లలో కొందరికి నా మీద కోపం రావచ్చు. మన సాఫ్టువేరు జనాలకు ఇంకా ఎక్కువ రావచ్చు, ఎందుకంటే నేను ముందు తిట్టబోయేది మనల్నే. అందులో మొదటి ముద్దాయిని నేనే కాబట్టి కాస్త ఓపిక పట్టి చివరిదాకా చదవండి. తిట్లన్నీ ఆ తరువాత ఒకేసారి పెట్టొచ్చు.

మా బాబాయి ఆర్టీసీలో కంట్రోలరుగా చేసి రిటైరయ్యారు. ఉండేది ఏలూరు. 2023 జూలైలో ఆయనకు పెద్దపేగు కాన్సరని తేలింది. పేగు ఎడమవైపు కింద మెలిక తిరిగే చోట, సిగ్మాయిడ్ అంటారు, అక్కడ. ఆగస్టులో హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రిలో ఆపరేషను. ఆయన కొడుకు డాలస్‌లో ఉంటాడు, వీసా స్టాంపింగు గొడవల్లో ఇరుక్కుని రాలేకపోయాడు. దాంతో బాధ్యత నా మీద పడింది. ఇంజనీరింగు చదివాడు, హైదరాబాదులో ఉంటాడు, ఇంగ్లీషులో గట్టిగా మాట్లాడతాడు. మన ఇళ్ళల్లో పేషెంటు అటెండరు ఉద్యోగానికి ఇంతకంటే క్వాలిఫికేషను అక్కర్లేదు కదా!

ఆపరేషను బాగా జరిగింది. కణితి ఉన్న ముక్క తీసేశారు, పేగు రెండు కొసలూ కలిపి కుట్టారు, ఎక్కడా లీకు లేదు. మరుసటి రోజు సాయంత్రం డ్యూటీ డాక్టరమ్మ వచ్చింది. మనకంటే నాలుగైదేళ్ళు చిన్నది. ఫైలు చూసి, "ఇన్ఫెక్షన్ రాకుండా ఇచ్చే యాంటీబయాటిక్ ఇవాళ్టితో ఆపేస్తామండీ, ఇక అవసరం లేదు" అంది.

నాకు ఎక్కడో కాలింది. "ఆపేయడమేంటి మేడమ్? కాన్సరు పేషెంటు, పైగా షుగరుంది, పొట్ట మీద ఇంత కోత ఉంది!" అన్నాను. ఫోను స్పీకర్లో డాలస్ నుంచి మా తమ్ముడు, "అన్నయ్యా, ఉన్నవాటిల్లో పెద్దది వేయమను, డబ్బు గురించి చూడొద్దను" అన్నాడు. ఆ అమ్మాయి పాపం రెండుసార్లు చెప్పి చూసింది, గైడ్‌లైన్స్ ఇలా ఉన్నాయని. నేను వినలేదు. పొద్దున్నే పెద్ద డాక్టరుగారు రౌండ్స్‌కి వచ్చినప్పుడు మళ్ళీ అడిగాను. ఆయన నా మొహం చూసి, వాదన ఎందుకనుకున్నారేమో, సెఫ్ట్రియాక్సోన్, మెట్రోనిడజోల్, అమికాసిన్ మూడూ ఏడు రోజులకు రాసేశారు. అర్ధరాత్రి ప్రొడక్షన్ ఇష్యూ ఒకటి క్లోజ్ చేసినంత గర్వంగా కాంటీన్‌కి పోయి ఇడ్లీ తిన్నాను.

ఆరో రోజున కోత చుట్టూ ఎర్రబడింది. ఏడో రోజున చీము. కల్చరు పంపిస్తే ఈ.కోలై అని వచ్చింది. రిపోర్టులో సెఫ్ట్రియాక్సోన్ పక్కన "లొంగదు" అని గుర్తు. అంటే వారం రోజులుగా నరంలోకి ఎక్కిస్తున్న మందుకు ఆ క్రిమి లొంగేదే కాదు. కుట్లు విప్పారు, గాయం తెరిచి పెట్టారు, మందు మెరోపెనెమ్‌కి మార్చారు. ఇంటికి వచ్చాక కూడా వారాల తరబడి రోజూ డ్రెస్సింగు. పిన్ని ఒక పూట అన్నం తింటే ఒక పూట లేదు. అయిదో వారంలో మొదలవ్వాల్సిన కీమో పన్నెండో వారంలో మొదలైంది. పేగు కాన్సరులో కీమో అవసరమైనప్పుడు ఆపరేషను తరువాత 8 వారాల్లోపు మొదలుపెట్టాలని ఆంకాలజిస్టులు చూస్తారు. ఆలస్యమయ్యేకొద్దీ దాని ఫలితం తగ్గుతుంది కాబట్టి. చీమే కదా, తగ్గిపోతుందిలే అనుకునే విషయం కాదిది.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను.

మనం ఇంజనీర్లం. సిస్టమ్ పడిపోతే ముందు లాగ్స్ చూస్తాం. నేనూ చూశాను, కాకపోతే రెండు నెలలు ఆలస్యంగా. ఇన్సూరెన్సు వాళ్ళకోసం మొత్తం కేసుషీటు కాపీ తీసుకున్నప్పుడు. అందులో ఉన్నది ఇదీ: ఉదయం 6:00కి వార్డులో నర్సు సెఫజోలిన్ ఇంజెక్షను, మెట్రోనిడజోల్ ఇచ్చింది. బాబాయిది ఆ రోజు రెండో కేసు, మొదటి కేసు ఆలస్యమైంది. కోత పెట్టింది 11:20కి. కుట్లు వేయడం అయిపోయింది 3:40కి. మధ్యలో ఇంకో డోసు ఇచ్చినట్టు మత్తు డాక్టరుగారి చార్టులో ఎక్కడా లేదు.

సెఫజోలిన్ రక్తంలో సగానికి తగ్గడానికి, కిడ్నీలు సరిగ్గా పనిచేసే మనిషిలో, సుమారు 2 గంటలు పడుతుంది. లెక్క మీరే వేసుకోండి. 6:00 నుంచి 11:20 అంటే 5 గంటల 20 నిమిషాలు. కోత పెట్టే సమయానికి మిగిలింది దాదాపు ఆరో వంతు. కుట్లు పడేసరికి నూటికి మూడు నాలుగు వంతులు. అంటే పేగు తెరిచి ఉన్న సమయంలో, మందు అవసరమైన ఆ ఒక్క సమయంలో, ఆయన ఒంట్లో మందు లేనట్టే లెక్క. అక్కర్లేని ఏడు రోజులు మాత్రం మూడు రకాలు ధారగా పోయించాను, దగ్గరుండి మరీ!

ఆ ఒక్క కారణంతోనే ఇన్ఫెక్షను వచ్చిందని నేను అనను. టైముకు ఇచ్చినా కొందరికి వస్తుంది. షుగరు ఉంది, వయసుంది, ఆ క్రిమి సెఫజోలిన్‌కి కూడా లొంగనిదే కావచ్చు. కానీ మన చేతిలో ఉన్న ఒకే ఒక్క పని సరిగ్గా జరగలేదు, ఎవరూ అడగలేదు. నేను అడిగిన ప్రశ్న "ఎన్ని రోజులు?" అడగాల్సింది "ఎన్ని గంటలకు?"

ఇందులో రహస్యమేమీ లేదు, పాత సంగతే. పెద్దపేగులో ఉన్నదాంట్లో ఒక్క గ్రాము తీసుకుంటే అందులో పదివేల కోట్ల బాక్టీరియా దాకా ఉంటాయి. ఆపరేషను థియేటరు ఎంత కడిగినా, డాక్టరు చేతులు ఎంత తోమినా, ఈ క్రిములు బయటి నుంచి రావు. పేషెంటు పేగులోంచే వస్తాయి. పేగు కోసిన క్షణంలో కొన్ని కోత అంచులకు అంటుకుంటాయి. ఆ క్షణానికే ఆ కండలో, కొవ్వులో మందు సిద్ధంగా ఉంటే అక్కడికక్కడే చస్తాయి. లేకపోతే స్థిరపడతాయి, ఆ తరువాత మందు పోసినా పెద్దగా ఫలితం ఉండదు. 1961లో జాన్ బర్క్ అనే సర్జను గినీపందుల మీద ఇదే చూపించాడు. చర్మంలోకి క్రిములు ఎక్కించడానికి ముందో, ఎక్కించేటప్పుడో మందు ఇస్తే పుండు లేవలేదు. మూడు గంటలు దాటాక ఇస్తే, ఇచ్చినా ఇవ్వకపోయినా ఒకటే అయింది.

మనుషుల్లో? 1992లో అమెరికాలో సాల్ట్ లేక్ సిటీలోని ఒక ఆసుపత్రిలో 2,847 మంది సర్జరీ పేషెంట్ల వివరాలు చూశారు (అన్నీ పేగు ఆపరేషన్లు కావు). కోతకు ముందు 2 గంటల్లోపు మందు పడ్డవాళ్ళలో గాయానికి ఇన్ఫెక్షను 0.6 శాతం. అంతకంటే ముందే ఇచ్చేసినవాళ్ళలో 3.8 శాతం. కోత పెట్టిన మూడు గంటల తరువాత ఇచ్చినవాళ్ళలో 3.3 శాతం. మందు ఒకటే, మనుషులూ అలాంటివాళ్ళే. తేడా గడియారంలో ఉంది.

పేగు ఆపరేషన్ల సంగతే తీసుకుంటే, 1981లోనే ఒక అమెరికన్ వైద్య పత్రికలో 26 ట్రయల్స్ కలిపి లెక్క కట్టారు. యాంటీబయాటిక్ ఇవ్వనివాళ్ళలో ఇన్ఫెక్షన్లు 36 శాతం, ఇచ్చినవాళ్ళలో 22. చావులు 11.2 శాతం నుంచి 4.5కి తగ్గాయి. ఇకమీదట ఎవరికీ మందు ఇవ్వకుండా ట్రయల్ చేయడం తప్పు అని ఆ వ్యాసం పేరులోనే చెప్పేశారు. 2014లో కోక్రేన్ వాళ్ళు 260 ట్రయల్స్, 43 వేల మందికి పైగా పేషెంట్లను కలిపి చూస్తే, మందు లేకుండా 39 శాతం ఉండే గాయం ఇన్ఫెక్షను మందుతో 13 శాతానికి దిగింది. అంటే వందమందిలో 26 మందికి చీము పట్టకుండా ఆపిన మందిది. వైద్యంలో ఇంత చవకగా ఇంత పని చేసేవి చాలా తక్కువ. కాబట్టి నేను యాంటీబయాటిక్స్‌కి వ్యతిరేకిని కాదు. ఆ సెఫజోలిన్ ఇంజెక్షనుకు దండం పెట్టాలి, టైముకు వేస్తే!

అదే కోక్రేన్ లెక్కలో ఇంకో మాట కూడా ఉంది. తక్కువసేపు ఇచ్చినా, ఆపరేషను తరువాత రోజుల తరబడి సాగదీసినా ఇన్ఫెక్షన్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఇదే ఉంది: కోతకు ముందు 120 నిమిషాల్లోపు మందు పడాలి, ఆపరేషను అయిపోయాక కేవలం ఇన్ఫెక్షను రాకూడదని కొనసాగించకూడదు. అమెరికా వాళ్ళ పద్ధతిలో సెఫజోలిన్‌కి 60 నిమిషాలు గీత. ఆపరేషను 4 గంటలు దాటితే థియేటర్లోనే ఇంకో డోసు, రక్తం బాగా పోయినా ఇంకో డోసు. ఇంతే విషయం. అర పేజీ కూడా లేదు.

మరి మన దగ్గర జరుగుతున్నదేంటి? కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌సీడీసీ 2021 నవంబరు నుంచి 2022 ఏప్రిల్ దాకా 20 పెద్ద ఆసుపత్రుల్లో సర్వే చేసింది. చేరి ఉన్న పేషెంట్లలో 71.9 శాతం మందికి యాంటీబయాటిక్స్ నడుస్తున్నాయి. అలా వాడుతున్నవాళ్ళలో సగానికి పైగా, 55 శాతం, ఉన్న ఇన్ఫెక్షను తగ్గడానికి కాదు, రాకుండా ఉండడానికి! మా బాబాయికి నేను దగ్గరుండి రాయించిన ఏడు రోజులూ సరిగ్గా ఈ బాపతే.

ఇక్కడ వచ్చే వాదనలు నాకు తెలుసు. అవన్నీ నేనూ చేసినవే కాబట్టి.

మొదటిది: "ఇది అమెరికా కాదు బాబూ, మన దుమ్మూ ధూళీ వేరు. మనకు ఎక్కువ రోజులు కావాలి." చెప్పాను కదా, పేగు ఆపరేషనులో ప్రధాన శత్రువు రోడ్డు మీద దుమ్ము కాదు, మన పేగే. ఇన్ఫెక్షన్లు బీద దేశాల్లో ఎక్కువన్నది నిజం. 2018లో వచ్చిన గ్లోబల్ సర్జ్ అధ్యయనం 66 దేశాల్లో 12,539 మంది కడుపు, పేగు ఆపరేషన్ల పేషెంట్లను చూసింది. అభివృద్ధి చెందిన దేశాల్లో 9.4 శాతం, మధ్యస్థ దేశాల్లో 14, వెనకబడినవాటిలో 23.2 శాతం మందికి గాయం ఇన్ఫెక్షను వచ్చింది. కానీ దాంట్లోనే ఇంకో అంకె ఉంది. కల్చరులో క్రిమి దొరికిన కేసుల్లో అయిదోవంతుకు పైగా, 21.6 శాతం, ముందుజాగ్రత్తగా ఇచ్చిన మందుకే లొంగనివి. వెనకబడిన దేశాల్లో ఇది 35.9 శాతం. అంటే మన సమస్య మందు తక్కువై కాదు, ఎడాపెడా వాడి మందును మొద్దుబార్చుకుని. దానికి విరుగుడు ఇంకా ఎక్కువ వాడడమా? మెమరీ లీకవుతున్న ప్రోగ్రాముకు ర్యామ్ పెంచుకుంటూ పోయే మేనేజరును మనం ఏమని తిట్టుకుంటాం?

రెండోది: "ఒక వారం ఎక్కువ వేస్తే పోయేదేముంది?" పోతుంది. 2019లో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో సుమారు 79 వేల ఆపరేషన్ల వివరాలు చూశారు. గుండె, ఎముకలు, పేగు, రక్తనాళాలు. రాకుండా ఇచ్చే మందును 24 గంటలు దాటించినకొద్దీ కిడ్నీలు దెబ్బతినడం పెరిగింది, సీ.డిఫిసిల్ అనే క్రిమితో వచ్చే భయంకరమైన విరేచనాలు పెరిగాయి. గాయం ఇన్ఫెక్షన్లు మాత్రం తగ్గలేదు. అమికాసిన్ అయితే కిడ్నీలకు పేరుమోసిన శత్రువు. షుగరు పేషెంటుకు దాన్ని ఏడు రోజులు రాయించిన మహానుభావుణ్ణి నేను. బాబాయి క్రియాటినిన్ కొంచెం పెరిగి, దేవుడి దయవల్ల మళ్ళీ దిగింది.

ఇది ఇంటి నష్టం. ఊరి నష్టం వేరే ఉంది. మనం అక్కర్లేకుండా వేసిన ప్రతి డోసూ పేగులో ఉన్న బలహీనమైన క్రిములను చంపి, మొండివాటికి చోటు ఖాళీ చేసి పెడుతుంది. ఆ మొండివి వార్డులో పక్క మంచానికి పోతాయి, నర్సు చేతికి పోతాయి, బాత్రూముకు పోతాయి. 2019లో మందులకు లొంగని బాక్టీరియా నేరుగా కారణమై ప్రపంచంలో 12 లక్షల 70 వేల మంది చనిపోయారని అంచనా. రేపు పక్క మంచం మీద పడుకోబోయేది మీ నాన్నగారు కావచ్చు.

మూడోది, చాలామందికి నచ్చే వాదన: "నువ్వెవడివయ్యా చెప్పడానికి, డాక్టరువా?" కాదు. ఏ మందు వేయాలో, ఎంత వేయాలో చెప్పే అర్హత నాకు లేదు. ఇంకో విషయం కూడా స్పష్టంగా చెప్పాలి, ఎవరూ ఈ టపా ప్రింటు తీసుకుపోయి డాక్టరుతో గొడవ పడకుండా. పేగు పగిలి మలం కడుపులోకి వచ్చినా, కుట్టు లీకైనా, జ్వరం వచ్చి చీము పట్టినా అది ఇన్ఫెక్షనుకు వైద్యం. దానికి రోజుల లెక్క వేరు, పూర్తిగా డాక్టరు నిర్ణయం. నేను మాట్లాడేది ప్లాను ప్రకారం జరిగిన, ఏ ఇబ్బందీ లేని ఆపరేషనులో రాకుండా ఇచ్చే మందు గురించి మాత్రమే.

నేను అడుగుతున్నది వైద్యం గురించి కాదు, ప్రాసెస్ గురించి. అది మన సబ్జెక్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషను థియేటర్లకు ఒక చెక్‌లిస్టు ఇచ్చింది. అతుల్ గవాండే బృందం దాన్ని 8 నగరాల్లో ప్రయత్నించి 2009లో ఫలితాలు ప్రచురించింది. అందులో మన న్యూఢిల్లీ కూడా ఉంది. చావులు 1.5 శాతం నుంచి 0.8కి, కాంప్లికేషన్లు 11 శాతం నుంచి 7కి తగ్గాయి. ఆ చెక్‌లిస్టులో కోతకు ముందు అందరూ ఆగి చదవాల్సిన ఒక ప్రశ్న: గత 60 నిమిషాల్లో యాంటీబయాటిక్ ఇచ్చారా?

బాబాయి ఫైల్లో ఆ కాగితం ఉంది. ఆ ప్రశ్న పక్కన చక్కగా "అవును" అని టిక్కు కూడా ఉంది! 6:00కి ఇచ్చి, 11:20కి కోసి, 60 నిమిషాల్లోపు ఇచ్చాం అని టిక్కు.

నవ్వకండి. మనమేం తక్కువ తినలేదు. శుక్రవారం సాయంత్రం కూర్చుని వారం మొత్తం టైమ్‌షీటు నింపేది ఎవరు? యూనిట్ టెస్టులు రాయకుండానే కోడ్ రివ్యూ ఫారములో "టెస్ట్ చేశాను" అని పెట్టేది ఎవరు? తేడా ఏమిటంటే మన టిక్కు తప్పయితే ఎవడో ఒకడి షాపింగు కార్టు ఖాళీ అవుతుంది. ఆ టిక్కు తప్పయితే అరవై నాలుగేళ్ళ మనిషి పొట్ట మీద తెరిచిన గాయంతో రెండు నెలలు వెల్లకిలా పడుకుంటాడు.

ఆ టిక్కు పెట్టిన నర్సును నేను తిట్టను. ఆ అమ్మాయికి పొద్దున్న 6కి ఇవ్వమని రాసి ఉంది, ఇచ్చింది. కేసు ఆలస్యమైతే మళ్ళీ ఇవ్వాలని ఎవరూ చెప్పలేదు. వార్డుకు థియేటరు లిస్టు మారినట్టు తెలియదు, థియేటరుకు వార్డులో ఎన్నింటికి ఇచ్చారో పట్టలేదు. ఇది మనిషి తప్పు కాదు, డిజైను తప్పు. పరిష్కారం కూడా అంతే తేలిక. మందును వార్డులో ఇవ్వొద్దు. థియేటర్లో మత్తు డాక్టరు చేత ఇప్పించండి, ఇచ్చిన టైము, కోత టైము పక్కపక్కన రాయండి. నాలుగు గంటలకు అలారం పెట్టండి. ఇంత పెద్ద భవనాలు, రోబోలు, లాబీలో పియానో పెట్టుకున్న ఆసుపత్రులకు ఒక అలారం బరువా?

ఇక మన సంగతి. నిజం చెప్పాలంటే డాక్టర్లు ఇలా తయారవడంలో మన వాటా చిన్నది కాదు. గట్టిగా మాట్లాడే అటెండరు, విదేశాల నుంచి ఫోన్లో అరిచే కొడుకు, ఏదైనా తేడా వస్తే కేసు వేస్తామనే బెదిరింపు, వీటి మధ్య ఏ డాక్టరుకైనా "ఆపేద్దాం" అని రాయడం కంటే "ఇంకో వారం" అని రాయడమే క్షేమం. ఇన్ఫెక్షను వస్తే "మందు ఆపేశారు" అని మనం మీద పడతాం. ఇచ్చినా వస్తే "అన్నీ వేశాం కదా" అని ఆయన తప్పించుకోవచ్చు. సరైన మాట చెప్పిన ఆ డ్యూటీ డాక్టరమ్మను ఆ సాయంత్రం ఓడించింది ఆమె ప్రొఫెసరు కాదు, నేను. ఆమె పేరు నాకు గుర్తుంది, ఇక్కడ రాయను. ఎప్పుడైనా కనిపిస్తే క్షమించమని అడగాలి.

కాబట్టి, మీ ఇంట్లోనో మీ స్నేహితుడి ఇంట్లోనో ఎవరికైనా పేగు ఆపరేషను ఉంటే, ఇంటర్నెట్లో యాంటీబయాటిక్ పేర్లు వెతకడం ఆపి, ముందురోజే డాక్టరుగారిని మర్యాదగా ఈ నాలుగు మాటలు అడగండి.

ఒకటి, ఇన్ఫెక్షను రాకుండా ఇచ్చే ఇంజెక్షను ఎక్కడ, ఎవరు ఇస్తారు? మా కేసు ఆలస్యమైతే ఎవరు చూసుకుంటారు?

రెండు, ఆపరేషను 4 గంటలు దాటితే రెండో డోసు సంగతి ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

మూడు, ముందురోజు నోటి ద్వారా ఇచ్చే యాంటీబయాటిక్ అవసరమా? దీని మీద డాక్టర్లలోనే చర్చ నడిచింది. 1977లో అమెరికాలో చేసిన ట్రయల్లో పేగు శుభ్రం చేయడంతోపాటు ఇవి కూడా ఇస్తే ఇన్ఫెక్షన్ల వంటి కాంప్లికేషన్లు 43 శాతం నుంచి 9కి తగ్గాయి. 2019లో ఫిన్లాండు ట్రయల్లో ఏ తయారీ లేకుండా నేరుగా చేసినవాళ్ళతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. 2020లో స్పెయిన్ ట్రయల్లో నోటి మందులతో గాయం ఇన్ఫెక్షను 11 శాతం నుంచి 5కి తగ్గింది. పేగు శుభ్రం చేసే మందు ఒక్కటే ఇచ్చి ఊరుకోవద్దని, ఇస్తే దాంతోపాటు నోటి యాంటీబయాటిక్ ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది. మీ డాక్టరుకు ఏదో ఒక అభిప్రాయం ఉండాలి. అభిప్రాయమే లేకపోతే అనుమానించండి.

నాలుగు, ఎప్పుడు ఆపుతారు? దీనికి "ఆపరేషనుతోనే" అనో "24 గంటల్లో" అనో జవాబొస్తే, దయచేసి, చేతులెత్తి మొక్కుతాను, నోరు మూసుకోండి. థాంక్స్ చెప్పి బయటికి వచ్చి ఇడ్లీ తినండి.

వీటిలో దేనికీ పైసా ఖర్చు లేదు. ఇన్సూరెన్సు అప్రూవల్ అక్కర్లేదు. అడిగినందుకు ఏ మంచి డాక్టరూ కోపం తెచ్చుకోరు. తెచ్చుకుంటే ఆ సంగతి ముందురోజే తెలియడం మంచిదే.

బాబాయి కీమో 2024లో పూర్తయింది. ఇప్పటిదాకా స్కానులు బాగానే ఉన్నాయి. ఆ ఏడు వారాల ఆలస్యం ఏమైనా మిగిల్చిందో లేదో ఏ డాక్టరూ చెప్పలేరు. ఆయనకు రక్తపరీక్ష చేయించిన ప్రతిసారీ రిపోర్టు పీడీఎఫ్ తెరవడానికి నాకు చెయ్యి రాదు.

మొన్న సంక్రాంతికి ఏలూరు వెళ్ళినప్పుడు ధైర్యం చేసి ఈ కథంతా ఆయనకు చెప్పాను. 6:00, 11:20, 3:40, ఆ తరువాత నా ఏడు రోజుల వీరత్వం. ఆయన కుర్చీలో వెనక్కి వాలి కాసేపు ఏమీ మాట్లాడలేదు. ముప్పయ్యేళ్ళు బస్సుల టైములు చూసిన మనిషి. ఆఖరికి, "అయితే బండి కదిలే టైముకి డ్రైవరు లేడు, డిపోకి వచ్చాక నువ్వు ముగ్గుర్ని ఎక్కించావన్నమాట. సర్లేరా, లే, భోజనానికి టైమైంది" అన్నారు.

నన్ను తిట్టి ఉంటే బాగుండేది.